రక్తపింజర కాటు, ప్లేట్‌లెట్ పట్టు

బస్తర్ అడవి పల్లెల్లో పాము కాటు వేసినప్పుడు కొందరికి రక్తం ఎంతకీ ఆగదు. గాయం దగ్గర ప్లేట్‌లెట్లు కొల్లాజెన్‌ను ఎలా పట్టుకుంటాయో తెలిస్తే, ఆ పట్టును విషం ఎలా వదిలిస్తుందో అర్థమవుతుంది.

మార్చి నెలాఖరు వచ్చిందంటే బస్తర్ పల్లెలు తెల్లవారకముందే నిద్ర లేస్తాయి. రాత్రంతా రాలిన ఇప్పపూలను ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి. మే నెలలో తునికాకు సేకరణ ఉంటుంది. తొలకరి పడితే దుక్కులు, ఆ తర్వాత నాట్లు, కలుపుతీత. ఏ పనిలో చూసినా చేతులు, కాళ్లు నేలకు దగ్గరగానే ఉంటాయి. ఎండుటాకుల మధ్య కదలకుండా పడి ఉన్న రక్తపింజర కంటికి ఆనదు. కాలు పడ్డాకే దాని బుస వినిపిస్తుంది.

రక్తపింజర కాటు వేస్తే కొద్దిసేపటికే కాలు వాచి, నొప్పి పైకి పాకుతుంది. కోరలు దిగిన చోటి నుంచి రక్తం కారుతూనే ఉంటుంది. కొన్ని గంటల్లో చిగుళ్ల నుంచి రక్తం రావచ్చు, మూత్రం ఎర్రబడవచ్చు, ఎప్పుడో మానిన పుండు మళ్లీ చెమర్చవచ్చు. మామూలుగా వేలు తెగితే నాలుగైదు నిమిషాల్లో ఆగే రక్తం ఇక్కడ గంటలు గడిచినా ఎందుకు ఆగదు? జవాబు తెలియాలంటే ముందు మామూలు గాయంలో రక్తం ఎలా ఆగుతుందో చూడాలి.

దూరమే పెద్ద చిక్కు

పాత బస్తర్ జిల్లా విస్తీర్ణంలో కేరళ రాష్ట్రం కంటే పెద్దది. ఇప్పుడది ఏడు జిల్లాల డివిజన్. దక్షిణాన సుక్మా, బీజాపూర్ జిల్లాలు తెలుగు నేలకు ఆనుకుని ఉంటాయి. కోంటా, భోపాలపట్నం వైపు సంతల్లో గోండి, దొర్లి, హల్బీ భాషలతో పాటు తెలుగూ వినిపిస్తుంది. కోంటా పరిసరాల్లో జబ్బు చేసిన వారు భద్రాచలం ఆసుపత్రికి రావడం మామూలే. మిగతా వారికి జగదల్‌పూర్‌లోని బలిరాం కశ్యప్ స్మారక వైద్య కళాశాల ఆసుపత్రి పెద్ద దిక్కు. వానాకాలంలో వాగులు పొంగితే రోగిని మంచం మీద మోసుకుని రోడ్డు దాకా రావాల్సిన ఊళ్లు ఈ అడవుల్లో నేటికీ ఉన్నాయి.

పాము కాట్లు ఎక్కువయ్యేది కూడా సరిగ్గా ఆ వానాకాలంలోనే. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో భారతదేశంలో పాము కాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏటా సగటున 58 వేల మంది అని, 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఈ మరణాల్లో సగం జూన్-సెప్టెంబరు మధ్యే జరిగాయి. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల జాబితాలో తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

అన్ని పాముల విషమూ రక్తం మీద పనిచేయదు. కట్లపాము, నాగుపాము విషం ముఖ్యంగా నరాలను దెబ్బతీస్తుంది. కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, చివరికి ఊపిరి ఆగుతుంది. రక్తం మాత్రం మామూలుగానే గడ్డకడుతుంది. రక్తాన్ని దెబ్బతీసేవి పింజర జాతి పాములు. మన దేశంలో వీటిలో ప్రధానమైనవి రక్తపింజర, దానికంటే పొట్టిగా ఉండే చిన్నపింజర.

రెండున్నర మైక్రాన్ల కాపలాదారు

ప్లేట్‌లెట్ అనే మాట డెంగీ జ్వరాల పుణ్యమా అని ఇంటింటికీ చేరింది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో వీటినే రక్తఫలకికలు అంటారు. ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిజోజెరో 1882లో వీటిని విడిగా గుర్తించి, రక్తస్రావాన్ని ఆపడంలో వీటి పాత్ర ఏమిటో చెప్పాడు. ప్లేట్‌లెట్ వ్యాసం రెండు మూడు మైక్రాన్లు. దానికి కేంద్రకం ఉండదు. ఎముక మజ్జలోని పెద్ద కణాల నుంచి చిన్న ముక్కలుగా విడిపోయి రక్తంలోకి వస్తుంది. ఆయుష్షు వారం నుంచి పది రోజులు. ఆరోగ్యవంతుల్లో ఒక్కో మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ప్లేట్‌లెట్లు ఉంటాయి.

రక్తనాళం లోపలి గోడకు ఎండోథీలియం అనే పలుచని కణాల పొర ఉంటుంది. దాని పక్కనుంచి వెళుతున్నంతసేపూ ప్లేట్‌లెట్ దేన్నీ పట్టుకోదు. పట్టుకుంటే ప్రమాదం కూడా. గోడ చిట్లినప్పుడు ఆ పొర కింద దాగి ఉన్న కొల్లాజెన్ బయటపడుతుంది. మామూలుగా రక్తానికి ఎన్నడూ తగలని పదార్థం అది. కాబట్టి కొల్లాజెన్ తగిలిందంటే అక్కడ గోడ తెగిందన్నమాట. ప్లేట్‌లెట్‌కు గాయాన్ని గుర్తుపట్టే ముఖ్యమైన ఆనవాలు అదే.

కొల్లాజెన్ మన శరీరంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ప్రోటీన్. చర్మం, ఎముక, స్నాయువు, రక్తనాళాల గోడ, అన్నిటికీ బలం దీనిదే. తంగేడు చెక్కతో తోలు ఊనేటప్పుడు ఆ చెక్కలోని టానిన్లు అంటుకునేది తోలులోని కొల్లాజెన్‌కే. అందుకే ఊనిన తోలు కుళ్లదు.

మద్రాసులో విప్పిన ముప్పేట తాడు

కొల్లాజెన్ అణువు ఎలా ఉంటుందో మొదట చెప్పింది మద్రాసులోని ఒక భౌతికశాస్త్ర విభాగం. సి.వి.రామన్ శిష్యుడైన జి.ఎన్.రామచంద్రన్ 1952లో మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా చేరారు. ఆ రోజుల్లో అక్కడికి వచ్చిన బ్రిటిష్ శాస్త్రవేత్త జె.డి.బెర్నల్ కొల్లాజెన్ నిర్మాణం ఇంకా ఎవరికీ అంతు చిక్కలేదని మాటల్లో చెప్పారు. రామచంద్రన్, ఆయన సహచరుడు గోపీనాథ్ కర్తా కంగారూ తోక స్నాయువు మీద ఎక్స్-కిరణాలను పంపి, అవి వంగి వచ్చిన తీరును లెక్కగట్టారు. కొల్లాజెన్‌లో మూడు గొలుసులు ఉంటాయని 1954లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ఆ మూడూ ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరిగి ఉంటాయని 1955లో నమూనాను సవరించారు.

పల్లెల్లో పేనే ముప్పేట తాడును గుర్తు తెచ్చుకుంటే కొల్లాజెన్ నిర్మాణం తేలిగ్గా అర్థమవుతుంది. ఒక్కో పేట ఒక అమైనో ఆమ్లాల గొలుసు. గొలుసులో ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ ఉంటుంది. మూడు పేటలు కలిసే లోపలి వైపు చోటు చాలా ఇరుకు. అక్కడ పట్టేది అమైనో ఆమ్లాలన్నిటిలో చిన్నదైన గ్లైసిన్ ఒక్కటే. మిగతా రెండు స్థానాల్లో తరచుగా కనిపించేవి ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్. రక్తనాళాల గోడలో తాళ్లుగా అల్లుకునే ఒకటో రకం, మూడో రకం కొల్లాజెన్‌లలో ఒక్కో అణువు పొడవు సుమారు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర నానోమీటర్లు.

మద్రాసులోనే ఉన్న కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థకు ఈ తాడు నిత్యం చూసే వస్తువే. తోలు శాస్త్రమంటేనే కొల్లాజెన్ శాస్త్రం. తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి ఆ సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. అక్కడి సభాభవనానికి నేటికీ 'ట్రిపుల్ హెలిక్స్' అనే పేరుంది.

ఒక్క ఆక్సిజన్ పరమాణువు తేడా

కొల్లాజెన్ పేటలో దాదాపు వెయ్యి అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఇంత పొడవు తాడులో ప్లేట్‌లెట్ పట్టుకునేది ఎక్కడ? మొత్తం కొల్లాజెన్‌తో ప్రయోగం చేస్తే ఈ ప్రశ్న తేలదు. అందులో పట్టుకునే చోట్లు చాలా ఉన్నాయి, ఏ ప్రభావం దేనివల్లో విడదీయలేం. అందుకే శాస్త్రవేత్తలు కొల్లాజెన్‌ను చిన్న చిన్న ముక్కలుగా, అంటే పెప్టైడ్లుగా, ప్రయోగశాలలో తయారు చేయడం మొదలుపెట్టారు. షరతు ఒక్కటే. ఆ ముక్కలు కూడా ముప్పేటగా మెలితిరగాలి. విడి పేటను ప్లేట్‌లెట్ పట్టించుకోదు.

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో మైఖేల్ బార్న్స్, రిచర్డ్ ఫార్న్‌డేల్ బృందం 1995లో ప్రచురించిన ప్రయోగం ఇందులో మైలురాయి. గ్లైసిన్-ప్రోలిన్-హైడ్రాక్సీప్రోలిన్ అనే మూడింటి వరుసను పదిసార్లు కలిపి వారు ఒక పెప్టైడ్ చేశారు. దానికి కొల్లాజెన్ సంబంధిత పెప్టైడ్ అని పేరు. ఇలాంటి ముప్పేట ముక్కలను ఒకదానితో ఒకటి రసాయనికంగా ముడివేసి ప్లేట్‌లెట్ల మీద వేస్తే, అవి అసలు కొల్లాజెన్ తగిలినట్టే చురుకెక్కి గుంపుకట్టాయి. హైడ్రాక్సీప్రోలిన్ బదులు మామూలు ప్రోలిన్ పెట్టి చేసిన పెప్టైడ్ కూడా ముప్పేటగానే మెలితిరిగింది కానీ, ప్లేట్‌లెట్లు దాన్ని చూసి కదల్లేదు. రెండింటికీ ఉన్న తేడా ఒక్కో ప్రోలిన్ మీద ఒక్క ఆక్సిజన్ పరమాణువు.

ఆ ఆక్సిజన్‌ను ప్రోలిన్‌కు తగిలించే ఎంజైము పనిచేయాలంటే శరీరానికి విటమిన్-సి కావాలి. విటమిన్-సి బొత్తిగా అందని వారికి వచ్చే స్కర్వీ జబ్బులో చిగుళ్లు నెత్తురోడడానికి మూలం ఇక్కడే ఉంది. హైడ్రాక్సీప్రోలిన్ సరిగా ఏర్పడకపోతే కొల్లాజెన్ తాడు వదులైపోతుంది, సన్నని రక్తనాళాలు ఊరికే చిట్లుతాయి.

ఆ తర్వాత ఇదే బృందం మరో అడుగు వేసింది. మూడో రకం కొల్లాజెన్ పొడవునంతా 57 పెప్టైడ్లుగా, ఒకదాని చివర మరోదాని మొదటితో కలిసేలా తయారు చేసింది. ఏ ప్రోటీన్ ఏ ముక్కను పట్టుకుంటుందో ఒక్కొక్కటిగా పరీక్షించి చూడవచ్చు. పొడవాటి కందకంలో నీరు ఎక్కడ కారుతోందో అడుగు అడుగునా తడిమి చూసినట్టే ఇది.

వరద వాగులో మూడు పట్లు

ఈ పెప్టైడ్ల సాయంతో తేలిందేమిటంటే, ప్లేట్‌లెట్ కొల్లాజెన్‌ను ఒకే చేత్తో పట్టుకోదు. మూడు పట్లు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. వరద వాగులో కొట్టుకుపోతున్న మనిషిని ఊహించుకోండి. మొదట ఒడ్డున వేలాడే కొమ్మ చేతికి అందాలి. దాంతో వేగం తగ్గుతుంది. అప్పుడు కాలికి నేల తగులుతుంది. ఆ తర్వాతే గట్టి వేరును పట్టుకుని నిలబడగలడు.

మొదటి పట్టు వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రోటీన్‌ది. రక్తంలో ఇది ఉండచుట్టుకుని తిరుగుతుంది. గోడ తెగిన చోట కొల్లాజెన్‌లోని ఒక ప్రత్యేక వరుసకు అతుక్కుంటుంది. చిన్న ధమనుల్లో రక్తప్రవాహం గోడ దగ్గర బలంగా ఒరుసుకుంటూ పోతుంది. ఆ లాగుడుకు ఉండ విప్పుకుని దారంలా సాగుతుంది. అప్పుడే ప్లేట్‌లెట్ మీదున్న జీపీ-1బీ అనే గ్రాహకానికి దాని పట్టు దొరుకుతుంది. ప్రవాహం ఎంత వడిగా ఉంటే ఈ పట్టు అంత అవసరం. ఇది నిలకడైన పట్టు కాదు. పట్టుకుంటూ వదులుతూ ప్లేట్‌లెట్ గోడ వెంట దొర్లుతుంది. వేగం మాత్రం తగ్గుతుంది.

రెండో పట్టు జీపీ-6 అనే గ్రాహకానిది. కేంబ్రిడ్జ్ పెప్టైడ్‌లోని గ్లైసిన్-ప్రోలిన్-హైడ్రాక్సీప్రోలిన్ వరుసను గుర్తించేది ఇదే. ఒక్క జీపీ-6 ఒక్క చోట తగిలితే చాలదు. పక్కపక్కన చాలా గ్రాహకాలు ఒకేసారి గుమికూడాలి. పెప్టైడ్లను ఒకదానితో ఒకటి ముడివేస్తేనే ప్లేట్‌లెట్లు చురుకెక్కడానికి కారణం ఇదే. అసలు కొల్లాజెన్‌లో అణువులు కట్టలుగా పేనుకుని ఉంటాయి కాబట్టి గ్రాహకాలు గుమికూడటం దానంతటదే జరుగుతుంది. జీపీ-6 నుంచి సంకేతం లోపలికి వెళ్లగానే ప్లేట్‌లెట్‌లో కాల్షియం మట్టం పెరుగుతుంది. బిళ్లలా ఉన్న ప్లేట్‌లెట్ కొమ్ములు చాస్తుంది. ఏడీపీ, థ్రాంబోక్సేన్ అనే రసాయనాలను విడుదల చేసి పక్కనున్న ప్లేట్‌లెట్లను కూడా లేపుతుంది. గుండె రోగులు వేసుకునే ఆస్పిరిన్ అడ్డుకునేది ఈ థ్రాంబోక్సేన్ తయారీనే.

మూడో పట్టు ఆల్ఫా2-బీటా1 అనే ఇంటెగ్రిన్‌ది. కొల్లాజెన్‌లో ఇది వెతికేది ఆరు అమైనో ఆమ్లాల వరుస: గ్లైసిన్, ఫినైల్‌అలనిన్, హైడ్రాక్సీప్రోలిన్, గ్లైసిన్, గ్లుటమేట్, ఆర్జినిన్. ఈ వరుస ఉన్న పెప్టైడ్‌ను ఇంటెగ్రిన్ పట్టుకుని ఉన్న స్థితిలో స్ఫటికంగా మార్చి, దాని నిర్మాణాన్ని 2000లో ప్రచురించారు. కొల్లాజెన్‌లోని గ్లుటమేట్, ఇంటెగ్రిన్‌లో ఉన్న ఒక లోహ అయాన్‌ను నేరుగా అంటిపెట్టుకోవడం అందులో స్పష్టంగా కనిపించింది. ఈ పట్టుతో ప్లేట్‌లెట్ గోడకు గట్టిగా నిలుస్తుంది.

ఇలా నిలిచిన ప్లేట్‌లెట్ ఉపరితలం మీద వేల సంఖ్యలో ఉండే ఆల్ఫా2బి-బీటా3 అనే మరో ఇంటెగ్రిన్ తెరుచుకుంటుంది. అది ఫైబ్రినోజెన్‌ను పట్టుకుంటుంది, ఫైబ్రినోజెన్ రెండో చివరను మరో ప్లేట్‌లెట్ పట్టుకుంటుంది. అలా ఒక మెత్తటి బిరడా తయారవుతుంది. అదే సమయంలో రక్తంలోని గడ్డకట్టే కారకాలు ఒకదాన్నొకటి లేపుకుంటూ చివరికి థ్రాంబిన్‌ను తయారు చేస్తాయి. థ్రాంబిన్ ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. ఆ దారాలు బిరడాను వలలా బిగిస్తాయి. గాయం మూసుకోవాలంటే బిరడా, వల రెండూ కావాలి.

విషం ఎక్కడ దెబ్బ తీస్తుంది

పింజర విషం ఈ ఏర్పాటును మూడు వైపుల నుంచి చెడగొడుతుంది.

మొదటి దెబ్బ గడ్డకట్టే కారకాల మీద. రక్తపింజర విషంలో పదో కారకాన్ని, ఐదో కారకాన్ని నేరుగా లేపే ఎంజైములు ఉన్నాయి. చిన్నపింజర విషంలోని ఎకారిన్ అనే ఎంజైము ప్రోథ్రాంబిన్‌ను థ్రాంబిన్ దిశగా నెడుతుంది. చూడటానికి ఇది రక్తం గడ్డకట్టేలా చేసే పనే. నిజానికి రక్తపింజర విషాన్ని బాగా పలచన చేసి, హీమోఫీలియా రోగుల గాయాల మీద పూసి రక్తాన్ని ఆపవచ్చని 1934లోనే ఇంగ్లండ్‌లో చూపించారు. కానీ కాటు వేసినప్పుడు విషం ఒళ్లంతా పాకుతుంది. గాయం లేని చోట్ల కూడా గడ్డకట్టే ప్రక్రియ మొదలై, ఫైబ్రినోజెన్ అంతా ఖర్చయిపోతుంది. అసలు గాయానికి వచ్చేసరికి వల అల్లడానికి దారం మిగలదు. ప్లేట్‌లెట్లు కూడా ఇదే దుబారాలో తగ్గిపోతాయి.

రెండో దెబ్బ రక్తనాళాల గోడ మీద. విషంలోని మెటాలోప్రోటీనేజ్ ఎంజైములు సన్నని నాళాల చుట్టూ ఉండే ఆధార పొరను, ముఖ్యంగా అందులోని నాలుగో రకం కొల్లాజెన్‌ను, కత్తిరిస్తాయి. నాళం లోపలి రక్తపు ఒత్తిడికి ఆ బలహీనమైన గోడ చిట్లుతుంది. అంటే విషం ఒకవైపు రక్తం ఆగకుండా చేస్తూనే, మరోవైపు కొత్త చిల్లులు పెడుతోంది.

మూడో దెబ్బ నేరుగా ప్లేట్‌లెట్ గ్రాహకాల మీద. పాములు లక్షల ఏళ్ల పరిణామంలో ఈ గ్రాహకాలకు సరిగ్గా అతికే ప్రోటీన్లను సంతరించుకున్నాయి. చిన్నపింజర విషంలో దొరికిన ఎకిసెటిన్ మొదటి పట్టు అయిన జీపీ-1బీకి అతుక్కుంటుంది. దక్షిణ అమెరికా గిలక పాము విషంలోని కాన్వల్‌క్సిన్ రెండో పట్టు అయిన జీపీ-6ను పట్టుకుని, గాయం లేకుండానే ప్లేట్‌లెట్లను రెచ్చగొడుతుంది. మధ్య ఆసియాలో ఉండే చిన్నపింజర జాతి ఒకదాని విషంలో మూడో పట్టు అయిన ఆల్ఫా2-బీటా1ను కొల్లాజెన్ దగ్గరికి పోనివ్వని ప్రోటీన్ ఉంది. చిన్నపింజరలోని ఎకిస్టాటిన్ చివరి ఇంటెగ్రిన్‌కు అడ్డుపడి ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అంటుకోనివ్వదు. శాస్త్రవేత్తలు పెప్టైడ్లు తయారు చేసి కనుక్కున్న ఒక్కో పట్టుకూ ఏదో ఒక పాములో విరుగుడు ముందే ఉందన్నమాట.

ఇందువల్లనే చికిత్సలో ఒక విషయం తరచూ పొరపాటు అవగాహనకు తావిస్తుంది. ప్లేట్‌లెట్లు తగ్గాయి కదా, డెంగీలోలా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే సరిపోదా అని బంధువులు అడుగుతారు. విషం రక్తంలో ఉన్నంతసేపూ కొత్తగా ఎక్కించిన ప్లేట్‌లెట్లకూ, గడ్డకట్టే కారకాలకూ పాతవాటి గతే పడుతుంది. ముందు యాంటీవెనమ్ ఇచ్చి విషాన్ని కట్టడి చేయాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

గాజు గొట్టం చెప్పేది, చెప్పనిది

కరెంటు కూడా నిలకడగా లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విషం రక్తానికి ఎక్కిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. రోగి నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. తర్వాత గొట్టాన్ని వంచి చూస్తారు. రక్తం గడ్డకట్టకుండా నీళ్లలా జారితే పింజర విషం ఎక్కినట్టే. వెంటనే యాంటీవెనమ్ మొదలుపెట్టాలి. ఆరు గంటల తర్వాత మళ్లీ ఇదే పరీక్ష చేసి ఇంకో మోతాదు కావాలో లేదో నిర్ణయిస్తారు.

ఇక్కడ గొట్టం గాజుదే కావాలి. గాజు తగలగానే రక్తంలో పన్నెండో కారకం మేలుకుని గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది. ప్లాస్టిక్‌కు ఆ గుణం లేదు. డిటర్జెంటుతో కడిగిన గొట్టం వాడినా ఫలితం తప్పుతుంది. గడ్డకట్టాల్సిన రక్తం కూడా కట్టదు.

అయితే గాజు గొట్టంలో కొల్లాజెన్ లేదు, ప్రవాహం లేదు. కాబట్టి ఈ పరీక్ష ఫైబ్రిన్ వల సంగతి చెబుతుంది కానీ ప్లేట్‌లెట్ బిరడా సంగతి చెప్పదు. గొట్టంలో రక్తం గడ్డకట్టినా వైద్యులు చిగుళ్లు, మూత్రం రంగు, సూది గుచ్చిన చోటు, కాటు దగ్గరి వాపు చూస్తూనే ఉండటానికి ఇదొక కారణం.

ప్లేట్‌లెట్ పనితీరును కొలిచే పద్ధతిని 1962లో లండన్‌లో గుస్తావ్ బార్న్ రూపొందించారు. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ప్లాస్మా మబ్బుగా ఉంటుంది. ప్లేట్‌లెట్లు గుంపుకట్టినకొద్దీ తేటబడి దాని గుండా ఎక్కువ కాంతి పోతుంది. ఆ కాంతిని కొలిస్తే సరిపోతుంది. గుస్తావ్ తండ్రి నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త మాక్స్ బార్న్. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి.రామన్ ఆహ్వానం మీద ఆయన 1935-36లో కొన్ని నెలలు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేశారు. ఆ సంస్థలోనే కొన్నేళ్ల తర్వాత రామచంద్రన్ రామన్ దగ్గర చదువుకున్నారు.

ఈ పరీక్షల్లో దశాబ్దాలుగా వాడుతున్నది గుర్రపు స్నాయువు నుంచి తీసిన కొల్లాజెన్. జంతువు నుంచి వచ్చేది కాబట్టి ఒక విడతకూ మరో విడతకూ తేడా ఉండే అవకాశం ఉంది. కృత్రిమ పెప్టైడ్లు ఎప్పుడు చేసినా ఒకేలా వస్తాయి. జీపీ-6, ఆల్ఫా2-బీటా1, వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్, ఈ మూడింటికీ ఒక్కో పెప్టైడ్ చొప్పున గాజు పలక మీద పూసి, దాని మీదుగా రక్తాన్ని ప్రవహింపజేస్తే అసలు కొల్లాజెన్ మీద లాగే ప్లేట్‌లెట్లు గుట్టలు కడతాయని ప్రయోగాల్లో తేలింది. ఒక్కో పెప్టైడ్‌ను తీసేసి చూస్తే ఏ పట్టు చెడిందో కూడా తెలుసుకోవచ్చు. పుట్టుకతో వచ్చే రక్తస్రావ జబ్బులను గుర్తించడానికి పరిశోధనశాలల్లో వాడుతున్న ఈ పద్ధతి ఇంకా పల్లె ఆసుపత్రి దాకా రాలేదు. అక్కడ నేటికీ దిక్కు గాజు గొట్టమే.

విషం నుంచి గుండె మందు

ప్లేట్‌లెట్ల పట్టు గాయంలో ప్రాణం నిలుపుతుంది. అదే పట్టు గుండె ధమనిలో కొవ్వు గడ్డ చిట్లినప్పుడు ప్రాణం తీస్తుంది. అక్కడ కూడా బయటపడేది కొల్లాజెనే. ప్లేట్‌లెట్లకు తేడా తెలియదు. గుంపుకట్టి ధమనిని మూసేస్తాయి. గుండెపోటు అంటే చాలాసార్లు ఇదే.

ఈ సందర్భంలో పాము విషం మందుగా మారింది. చిన్నపింజరలోని ఎకిస్టాటిన్‌లో కేవలం 49 అమైనో ఆమ్లాలు ఉంటాయి. అందులో ఇంటెగ్రిన్‌ను పట్టే భాగాన్ని చూసి రసాయన శాస్త్రవేత్తలు టైరోఫైబాన్ అనే మందును తయారు చేశారు. అమెరికాకు చెందిన ఒక మరుగుజ్జు గిలక పాము విషం ఆధారంగా ఎప్టిఫిబటైడ్ వచ్చింది. రెండింటికీ అమెరికాలో 1998లో అనుమతి లభించింది. మన దేశంలో కూడా గుండె ఆసుపత్రుల్లో వీటిని వాడుతున్నారు.

ఈ మందులతో చిక్కు ఏమిటంటే, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకునే చివరి మెట్టునే ఆపేస్తాయి కాబట్టి రక్తస్రావం ప్రమాదం ఉంటుంది. అందుకే పరిశోధకుల చూపు జీపీ-6 మీద పడింది. దక్షిణ అమెరికా దేశం చిలీలో జీపీ-6 జన్యువులో లోపం ఉన్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. రెండు వైపుల నుంచీ ఆ లోపం సంక్రమించిన వారికి కూడా సాధారణంగా కొద్దిపాటి రక్తస్రావమే తప్ప ప్రాణాపాయం ఉండదు. అంటే ఈ ఒక్క పట్టును వదిలిస్తే, గాయాలను మాన్చే శక్తి పెద్దగా తగ్గకుండానే ధమనిలో గడ్డలను అడ్డుకోవచ్చన్న ఆశ ఉంది. జీపీ-6ను అడ్డుకునే మందులను పక్షవాతం రోగుల్లో పరీక్షిస్తున్నారు.

ఆసుపత్రి చేరే లోపు

మన దేశంలో దొరికే యాంటీవెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు కలిపి తయారు చేసింది. ఈ మందుకు కావాల్సిన విషంలో చాలా భాగం చెన్నై దగ్గరి ఇరుల పాములు పట్టేవారి సహకార సంఘం నుంచి వస్తుంది. అయితే ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో కార్తీక్ సునగర్ బృందం చూపించింది. దక్షిణాది పాముల విషంతో చేసిన మందు మిగతా ప్రాంతాల్లో అంతే బాగా పనిచేయాలని లేదు. వెదురు పొదల్లో ఉండే ఆకుపచ్చ వెదురు పింజర వంటి పాములకు ఇందులో విరుగుడు లేదు. ప్రాంతాల వారీగా విషం సేకరించి మందు తయారు చేయాలన్న మాట ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2024 మార్చిలో పాము కాటు నివారణకు జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలన్నది లక్ష్యం. పాము కాటు కేసులను తప్పనిసరిగా నమోదు చేయాలని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలను కోరింది. లెక్క తెలిస్తేనే ఏ ఆరోగ్య కేంద్రంలో ఎన్ని సీసాల మందు ఉంచాలో తెలుస్తుంది.

బస్తర్‌లో చాలా కుటుంబాలు మొదట ఊరి గునియా దగ్గరికి వెళతాయి. ఆయన మీద వారికున్న నమ్మకం ఈనాటిది కాదు. కాబట్టి ఆయన నోటి నుంచే 'ఆసుపత్రికి పదండి' అన్న మాట వస్తే ఎంతో సమయం కలిసొస్తుంది. ఆ సమయంలో చేయాల్సినవి, చేయకూడనివి పైన చెప్పుకున్న శాస్త్రం నుంచే వస్తాయి. కాటును కోయకూడదు. ఫైబ్రినోజెన్ లేని రక్తం ఆ కోతను మూయలేదు. తాడుతో బిగించి కట్టకూడదు. విషం ఒకేచోట నిలిచి అక్కడి కండను ఎక్కువగా దెబ్బతీస్తుంది. నొప్పికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఉన్న కొద్దిపాటి ప్లేట్‌లెట్లను కూడా అది పనికిరాకుండా చేస్తుంది. కండలోకి ఇంజెక్షన్లు వేయించకూడదు, సూది గుచ్చిన చోట లోపల రక్తం గూడుకడుతుంది. ఉంగరాలు, కడియాలు తీసేసి, కాటు పడిన కాలికో చేతికో కర్రను ఆనించి వదులుగా గుడ్డ చుట్టి కదలకుండా ఉంచాలి. రోగిని నడిపించకుండా, యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి వీలైనంత త్వరగా చేర్చాలి. 108 వాహనం ఊరి దాకా రాలేకపోతే, మంచం మీద మోసుకుని దానికి ఎదురు వెళ్లడమే మేలు.